ఇచ్చేది ఒకరు, హక్కు అందరిది

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఒక చిన్న మ్యూజియం నడుపుతున్నాం. ఒక పెద్దాయన తమవాళ్లు ఉత్సవాల్లో తరతరాలుగా మోగిస్తున్న డోలు తెచ్చి, ‘మా పిల్లలకు దీని మీద ధ్యాస లేదు, మీరే ఉంచండి’ అన్నారు. దానపత్రం రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. డోలు ఆయన ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆయన సొంతమైపోదు. దాన్ని ఎవరు చేయించారు, ఎవరు సరేనంటే బయటికి తీసేవారు, ఆయన తర్వాత ఎవరి చేతికి వెళ్లాలి? ముందు ఈ మూడూ అడగండి. ‘అందరం చందాలేసుకుని చేయించాం, మా ఇంట్లో దాచేవాళ్లం’ అంటే ఆయన దానికి కాపలాదారు. దానమిచ్చే హక్కు ఆయన ఒక్కరికే ఉండదు.

అమెరికాలోని జూనీ తెగవారు అహయుడ అనే తమ దేవతామూర్తుల విషయంలో వాదించింది ఇదే. అవి తెగ ఉమ్మడి ఆస్తి, ఏ ఒక్కరు అమ్మినా ఆ అమ్మకం చెల్లదు అన్నారు. 1980లో డెన్వర్ ఆర్ట్ మ్యూజియం తన దగ్గరున్న వాటిని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ చెక్క మూర్తులు ఎండకు ఎండి, వానకు నాని, చివరికి నేలలో కలిసిపోవాలన్నది జూనీల విశ్వాసం. అద్దాల బీరువాలో మనం పదిలంగా కాపాడటం వాళ్ల దృష్టిలో అపచారం. దేన్నైనా భద్రపరిచే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

కాబట్టి మొదటి రోజు తాత్కాలిక రసీదు ఒక్కటే ఇవ్వండి. అందులో వస్తువు వర్ణన, కొలతలు, ఇప్పటికే ఉన్న చిరుగులు, పగుళ్లు, తెచ్చినవారి పేరు, తేదీ, ‘అరవై రోజుల్లో నిర్ణయం, కాదనుకుంటే మా ఖర్చుతో వెనక్కి’ అనే మాట ఉండాలి. నాలుగు వైపులా ఫొటోలు తీసి జత చేయండి. శాశ్వత రిజిస్టర్‌లో నంబరు అప్పుడే వేయకండి. నంబరు పడ్డాక వెనక్కి ఇవ్వడానికి ఎవరికీ మనసు రాదు.

ఆ అరవై రోజుల్లో కనీసం రెండుసార్లు వాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చోండి. మొదటిసారి మర్యాద కొద్దీ అందరూ ‘సరే’ అంటారు. అసలు మాటలు రెండోసారికి బయటికొస్తాయి. డోలు వాయించేవాళ్లు, ఆడవాళ్లు, యువకులు అందరూ ఉన్నారో లేదో చూసుకోండి. చాలాచోట్ల పని చెడేది ఇక్కడే. గొంతు పెద్దదైన ఒక్కరి సంతకం తీసుకుని దాన్ని సమాజం సమ్మతిగా రాసేసుకుంటారు. ‘వద్దు’ అన్నవాళ్ల మాట కూడా కారణంతో సహా నమోదు చేయండి.

దానం ఒక్కటే దారి కాదు. మూడేళ్లకోసారి పొడిగించుకునేలా అరువు తీసుకోవచ్చు. డోలు వాళ్ల దగ్గరే ఉంచి, మీరు మరమ్మతుకు సాయం చేసి ఫొటోలు, మోత రికార్డు చేసుకోవచ్చు. లేదా తయారీదారుకు సరైన కూలి ఇచ్చి కొత్త డోలు చేయించుకోవచ్చు. మాకు అన్నిటికన్నా నచ్చేది ఈ చివరిదే. పాతది మోగుతూనే ఉంటుంది, చేసే చేతికి పనీ దొరుకుతుంది.

చివరికి దానమే అనుకుంటే పత్రంలో ఇవి విడివిడిగా రాయండి: ఎవరు తాకవచ్చు, ఏది ప్రదర్శించకూడదు, ఉత్సవానికి ఎన్ని రోజులు వెనక్కి ఇస్తారు, ఫొటోలు ఎవరు వాడుకోవచ్చు, మ్యూజియం మూతపడితే ముందుగా ఎవరికి అప్పగించాలి. ఉత్సవంలో మోగితే చర్మం అరుగుతుంది. ఆ అరుగుదలకు ముందే ఒప్పుకుని సంతకం చేయండి.

ప్రశ్న: ఒక వ్యాపారి పాత రాతి విగ్రహం చూపించి ‘పాత కుటుంబ సేకరణ’ అంటున్నాడు. కాగితాల్లో 1970కి ముందే దేశం దాటినట్టు ఉంది. కొనవచ్చా?

జవాబు: సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970 నాటిది. అందుకే చాలా మ్యూజియాలు ఆ ఏడాదిని గీటురాయిగా పెట్టుకున్నాయి, మోసగాళ్లూ ఆ ఏడాదికి ముందు తేదీలే వేస్తారు. కుటుంబం పేరు, పాత ఫొటో, ఎగుమతి అనుమతి, రవాణా రసీదు లేకుండా ఉత్త ఉత్తరం చూపిస్తే ఒప్పుకోకండి. విగ్రహం అడుగున రంపపు కోత, సందుల్లో తాజా మట్టి ఉంటే అక్కడితో ఆపి, చట్టప్రకారం ఎవరికి తెలపాలో వాళ్లకు తెలపండి. ఇంకో మాట. 1970కి ముందుదైతే అంతా సవ్యమని కాదు. ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యపు రాజభవనం నుంచి బ్రిటిష్ సైన్యం కంచు శిల్పాలను దోచింది 1897లో. అయినా 2022లో జర్మనీ తన మ్యూజియాల్లోని వాటి యాజమాన్యాన్ని నైజీరియాకు బదిలీ చేసేందుకు ఒప్పందం చేసుకుంది.

ప్రశ్న: పెద్దల పాటలు రికార్డు చేస్తున్నాం. ఒక్క సంతకంతో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

జవాబు: వద్దు. దాచడానికి, మ్యూజియంలో వినిపించడానికి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి మూడు వేర్వేరు సమ్మతులు తీసుకోండి. చదవలేనివారి సమ్మతి రికార్డింగ్ మొదట్లో వాళ్ల గొంతులోనే ఉండనివ్వండి. తర్వాత మనసు మార్చుకుంటే తీసేస్తామని చెప్పండి, ఎవరిని అడగాలో చెప్పండి. రికార్డింగ్ కాపీ ఒకటి నెల రోజుల్లోగా వాళ్లింటికి చేరాలి. కొన్ని పాటలు ఆడవాళ్లకే, కొన్ని ఒక కుటుంబానికే పరిమితం కావచ్చు. ఆస్ట్రేలియాలోని వారుముంగు ప్రజలతో కలిసి పుట్టిన ముకుర్తు సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏది చూడవచ్చో సమాజమే నిర్ణయిస్తుంది.

ప్రశ్న: మా మ్యూజియంలోని ఈకల తలపాగాను దాని అసలు వారసులకు తిరిగి ఇస్తున్నాం. ఇంకేమైనా చూడాలా?

జవాబు: విషం చూడాలి. ఈకలు, తోలు, బొచ్చు ఉన్న పాత వస్తువులకు పురుగు పట్టకుండా ఒకప్పుడు ఆర్సెనిక్, పాదరస లవణాలు పూసేవారు, తర్వాత డీడీటీ చల్లారు. నైట్రైల్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఎక్స్‌-రే ఫ్లోరసెన్స్ పరికరంతో ఆర్సెనిక్, పాదరసం పట్టుబడతాయి. డీడీటీకి ప్రయోగశాల పరీక్ష వేరే చేయించాలి. దులిపినా తుడిచినా విషం పూర్తిగా పోదు. తలపాగా బీరువాలో ఉంటే ఒక లెక్క, చెమట పట్టిన నుదుటి మీద పెట్టుకుంటే వేరే లెక్క. అందుకే పరీక్ష ఫలితాలు వాళ్ల భాషలో రాసి, అప్పగింతకు ముందే వాళ్ల చేతికివ్వండి. ధరించాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.