గ్యాస్ గ్రిల్లు వెలగడం లేదా?

సెలవు మీద విజయనగరం వచ్చి పది రోజులైంది. మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు, మా వీధిలోకి పాలవాడు కూడా రాకముందే, ఒహాయో నుంచి ఫోను మోగింది. అక్కడ అప్పుడు సాయంత్రం ఏడు గంటలు. మాట్లాడినవాడు మా బొబ్బిలి అక్క కొడుకు. "మావయ్యా, అమ్మ వంకాయలు కాల్చి పచ్చడి నూరతానంటోంది. బటను ఎంత నొక్కినా గ్రిల్లు వెలగడం లేదు. సిలిండరు కొత్తదే. పాడైపోయిందంటారా?" అని అడిగాడు. మన జిల్లాల నుంచి కొత్తగా వెళ్ళిన పిల్లలు వేసవి మొదలవగానే నన్ను అడిగే ప్రశ్న ఇదే కాబట్టి, వాడికి చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. గ్రిల్లంటే అక్కడివాళ్ళు ఆరుబయట పెట్టుకొని మాంసం, కూరగాయలు కాల్చుకునే, మూత ఉన్న గ్యాసు పొయ్యి.

నాబులన్నీ ఆపి, సిలిండరు కట్టేసి, మూత తెరిచి ఉంచి, అయిదు నిమిషాలు దూరంగా నిలబడమని ముందుగా చెప్పాను. అక్కడి గ్రిల్లు సిలిండరులో ఉండే ప్రొపేన్ అనే గ్యాసు గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. వెలగని బర్నర్ నుంచి వచ్చిన గ్యాసు గ్రిల్లు పెట్టె అడుగున నిలిచిపోతుంది, ఆ తరువాత పడిన ఒక్క నిప్పురవ్వకు భగ్గున లేచి ముఖాన్ని కాలుస్తుంది. మన వంటింట్లో నాబు తిప్పేసి, లైటరు ఎక్కడ పెట్టామా అని వెతుక్కునే అలవాటు చాలామందికి ఉంది. గ్రిల్లు దగ్గర ఆ అలవాటును పూర్తిగా మానుకోవాలి, మూత వేసి ఉండగా ఎన్నడూ వెలిగించకూడదు.

ఆ తరువాత, సిలిండరును ఎలా తెరిచావని అడిగాను. నాబు తెరిచి ఉంచి సిలిండరును ఒక్క ఊపులో తిప్పానన్నాడు. చిక్కు అక్కడే ఉంది. ఇక్కడి ఇళ్ళలో రెగ్యులేటరు స్విచ్చు ఒక్కసారిగా తిప్పినా ఏమీ కాదు. అమెరికాలో సిలిండరుకు చేత్తో బిగించే ప్లాస్టిక్ నట్టులో మాత్రం, గ్యాసు హఠాత్తుగా ఎక్కువగా పారితే గొట్టం తెగిందన్నట్టుగా దారిని దాదాపు మూసివేసే రక్షణ అమరిక ఉంటుంది. అది పట్టేసినప్పుడు బర్నర్ అసలు వెలగదు, వెలిగినా మంట దీపమంత చిన్నగా ఉండి గ్రిల్లు వేడెక్కదు. దానిని మామూలు స్థితికి తేవడానికి సిలిండరు కట్టి, మూత తెరిచి ఉంచి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకొని, నాబులు కాసేపు తెరిచి గొట్టంలో మిగిలిన గ్యాసును పోనివ్వాలి. నాబులు ఆపి, నట్టు విప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ చేత్తోనే గట్టిగా బిగించాలి. అప్పుడు సిలిండరును మెల్లమెల్లగా, కొంచెం కొంచెంగా తెరిచి, చివరగా ఒక్క బర్నర్ నాబును మాత్రమే పూర్తి మంట గుర్తుకు తిప్పి వెలిగించాలి.

కొత్త సిలిండరు అనగానే గ్యాసు నిండుగా ఉందని కూడా అనుకోకండి. మన ఇంటి సిలిండరులో 14.2 కిలోలు ఉంటే, అక్కడి గ్రిల్లు సిలిండరు 20 పౌన్లది, అంటే 9 కిలోలు. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకునే దుకాణాలలో తరచుగా 15 పౌన్లే నింపి ఇస్తారు. మన అమ్మలు సిలిండరుకు తడిగుడ్డ చుట్టి, ఎక్కడివరకు తడి ఆలస్యంగా ఆరిందో చూసి గ్యాసు మట్టం చెప్పేవారు కదా, ఆ పద్ధతి అక్కడా పనిచేస్తుంది. చలికి గ్యాసు గడ్డకట్టిందేమోనన్న భయం అక్కరలేదు. మన సిలిండరులో కలిసి ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది గాని, ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు దిగువ వరకు ఆవిరవుతుంది.

గ్యాసు వస్తూ నిప్పురవ్వ రాకపోతే తప్పు బటనుది. పొడుగు లైటరుతో వెలిగించి చూస్తే సంగతి తేలిపోతుంది. లైటరుకు వెలిగితే బటను మూత విప్పి అందులోని బ్యాటరీ మార్చండి. బర్నర్ పక్కన పింగాణీ తొడుగులో ఉండే తీగ కొనను పొడిగుడ్డతో తుడవండి. ఆ కొనకు, బర్నర్‌కు మధ్య నాలుగయిదు మిల్లీమీటర్లకంటే ఎడం ఉంటే రవ్వ దూకదు.

లైటరుకూ వెలగకపోతే బర్నర్ గొట్టం లోపల చూడాలి. మా చిన్నప్పుడు కిరోసిన్ పంపు స్టవ్వు మంట తగ్గగానే అమ్మ సన్నని పిన్నుతో దాని ముక్కులో పొడిచేది, కణికెడు మసి ఊడిపడి మంట మళ్ళీ నీలంగా లేచేది. గ్రిల్లు గొట్టంలో మసికి బదులు సాలీడు కాపురం పెడుతుంది. గాలి, గ్యాసు కలిసే మూతి దగ్గర తెల్లటి దూదిపింజలాంటి గూడు చిక్కగా అల్లుకుని ఉంటుంది. అది అడ్డుపడితే మంట పసుపు రంగులోకి మారుతుంది, ఒక్కోసారి వెనక్కు తన్ని నాబుల కింద మండుతుంది. అటువంటి మంట కనిపిస్తే తక్షణం సిలిండరు కట్టేయాలి. చల్లారాక బర్నర్ ఊడదీసి, సన్నని పొడుగు బ్రష్షు గొట్టంలోకి దూర్చి శుభ్రం చేయాలి. పైరంధ్రాలను తీగబ్రష్షుతో అడ్డంగా రుద్దితే చాలు, మేకులు గుచ్చి రంధ్రాలు పెద్దవి చేయవద్దు.

మావాడి గ్రిల్లులో రెండు తప్పులూ ఉన్నాయి. సిలిండరు మళ్ళీ నెమ్మదిగా తెరవగానే కుడి బర్నర్ వెలిగింది, ఎడమది వెలగలేదు. ఆ ఒక్కదాని మీదే అక్క వంకాయలు కాల్చింది. మర్నాడు ఎడమ గొట్టం విప్పితే గుడ్లతో సహా గూడు బయటపడింది, వాడు ఫోటో పంపాడు. బర్నర్ తిరిగి బిగించాక నట్టుకు, గొట్టానికి సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడమన్నాను, అగ్గిపుల్లతో మాత్రం ఎప్పుడూ పరీక్షించవద్దని మరీ మరీ చెప్పాను. వాడుండేది అపార్టుమెంటు కాబట్టి, బాల్కనీలో గ్రిల్లు వాడనిస్తారో లేదో అద్దె ఒప్పందంలో చదువుకోమని, సిలిండరును ఇంట్లో గాని గరాజులో గాని పెట్టకుండా ఆరుబయటే నిలువుగా ఉంచమని కూడా చెప్పాను.