సమాధానం: వార్ఫరిన్ వాడే నాన్నగారికి పసుపు గుళికలు

హనుమకొండలో ఉంటున్న మీ నాన్నగారు గుండె కవాటం మార్పిడి తరువాత రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారనీ, డబ్బాపై యాంటీఆక్సిడెంట్ శక్తి 90 శాతమని చూసి మిరియాల సారం కలిపిన పసుపు గుళికలు కొన్నారనీ, అవి ఇవ్వవచ్చా అనీ అడిగారు. దయచేసి ఇవ్వకండి.

అటువంటి అంకె సాధారణంగా డీపీపీహెచ్ అనే ప్రయోగశాల పరీక్ష నుండి వస్తుంది. ఊదారంగు ద్రావణం మూలికాసారం తగిలి ఎంత మేరకు పసుపురంగుకు తిరిగిందో మాత్రమే అది చెబుతుంది. గాజునాళికలో అంత చురుకైన కర్కుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం) మన పేగుల నుండి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది, చేరినది కూడా కాలేయంలో త్వరగా రూపం మారిపోతుంది. 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2 గ్రాముల కర్కుమిన్‌కు మిరియాల్లో ఉండే పైపరిన్ అనే పదార్థాన్ని 20 మిల్లీగ్రాములు చేర్చినప్పుడు రక్తంలోకి చేరే భాగం 20 రెట్లు పెరిగింది. నాకు ఆందోళన కలిగించేది సరిగ్గా ఇదే, ఎందుకంటే మిరియాల్లోని పైపరిన్ అణచివేసే ఎంజైములలో కొన్ని మందులను కూడా విచ్ఛిన్నం చేసేవే, పైగా కర్కుమిన్‌కు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే స్వభావం ఉంది. ఇవి వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు.

కూరలో వేసే చిటికెడు నిజామాబాద్ పసుపును మానిపించనక్కరలేదు. ఇప్పటికే గుళికలు వేసుకుని ఉంటే వెంటనే రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, డబ్బాను వైద్యునికి చూపించండి. చిగుళ్ల నుండి రక్తం గానీ నల్లని మలం గానీ కనిపిస్తే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.