మత్తిచ్చాక మా తమ్ముడు సంతకం పెడితే సరిపోతుందా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. నా వయసు 45. ఆరు నెలలుగా నెలసరి వస్తే ఒక పట్టాన ఆగడం లేదు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకున్నాను. కొద్దిగా మత్తిచ్చి, గర్భసంచిలోకి కెమెరా పంపి చూసి, ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నారు. "లోపల బాగా లేకపోతే అప్పుడే గర్భసంచి తీసేద్దాం, మళ్ళీ మళ్ళీ ఎందుకు" అని కూడా అన్నారు. నాలుగు ఫారాలు చేతికిచ్చి సంతకాలు పెట్టి తెమ్మన్నారు. వాటిలో చాలా ఖాళీలు అలాగే ఉన్నాయి. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు, ఆయన సంతకం కూడా కావాలంటున్నారు. ఆసుపత్రిలో నాతో మా తమ్ముడు ఉంటాడు. నేను మత్తులో ఉన్నప్పుడు వాడు సంతకం పెడితే సరిపోతుందా? మూడేళ్ళ క్రితం తీసుకున్న హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది. వచ్చే వారం అడ్మిట్ కావాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సరిపోదమ్మా. మీరు మేజరు, మీ మంచిచెడ్డలు మీరు ఆలోచించుకోగలరు. అలాంటప్పుడు మీ ఒంటి మీద చేసే ఆపరేషన్‌కు ఒప్పుకోవాల్సింది మీరే. మత్తులో ఓ గంట స్పృహ లేనంత మాత్రాన ఆ హక్కు తమ్ముడికో, తల్లికో, భర్తకో బదిలీ కాదు. మీకింకా వారం టైముంది. మత్తు ఎక్కాక తేల్చాల్సినవి అనుకుంటున్నవన్నీ ఈ వారంలోనే తేల్చుకోవచ్చు.

మీ ఉత్తరం చదవగానే నాకు సమీరా కోహ్లి కేసు గుర్తొచ్చింది. అచ్చం మీ పరిస్థితే. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఇలాగే రక్తస్రావంతో డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. పూర్తి మత్తిచ్చి లాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరా పంపి, లోపల పరీక్ష చేస్తామన్నారు, ఆమె సరేనని సంతకం పెట్టారు. ఆమె బల్ల మీద స్పృహ లేకుండా ఉన్నప్పుడు అసిస్టెంట్ డాక్టర్ బయటికొచ్చి, గర్భసంచి తీయాలంటూ అక్కడ కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకున్నారు. గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు అన్నీ తీసేశారు. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆమె ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2008 జనవరి 16న ముగ్గురు జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదు, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సంతకం చెల్లదు అని. డాక్టర్ దురుద్దేశంతో చేశారని కోర్టు అనలేదు. అయినా అనుమతి లేకుండా చేశారు కాబట్టి తప్పే అంది. ఫీజు మొత్తం వదులుకోవాలని, పైన 25,000 రూపాయలు పరిహారం కట్టాలని ఆదేశించింది. ఆ బాధకు ఆ డబ్బు చాలా తక్కువని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ తీర్పులో చెప్పిన సూత్రం మాత్రం ఈ రోజుకీ మనకు కొండంత అండ.

"మళ్ళీ మత్తు, మళ్ళీ ఖర్చు ఎందుకు, ఒకేసారి అయిపోతుంది కదా" అన్న మాటకు కూడా ఆ తీర్పులో జవాబుంది. రెండోసారి ఆపరేషన్ తప్పుతుందన్నది అనుమతి లేకుండా చేయడానికి కారణం కాదు. ప్రాణాన్ని గానీ ఆరోగ్యాన్ని గానీ కాపాడటానికి, మెలకువ వచ్చేదాకా ఆగడం కుదరనప్పుడే డాక్టర్ తన విచక్షణతో ముందుకెళ్ళవచ్చు. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ కూడా అలాంటి అత్యవసర సమయంలో మంచి ఉద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది. మీది అలాంటి అత్యవసరం అని మీరు రాసిన దాంట్లో ఎక్కడా కనిపించడం లేదు.

అలాగని డాక్టర్ చెప్పింది తప్పని నేననడం లేదు. వైద్యం నాకు తెలియదు. మీరు అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చెబుతాను. ముక్క రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది కదా, అది రాకముందే గర్భసంచి తీయాల్సినంత తొందర ఏమిటి? మందులతో గానీ వేరే పద్ధతిలో గానీ తగ్గే అవకాశం ఉందా? తీస్తే అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీయకపోతే ఏమవుతుంది? చేసే పని ఏమిటి, ఎందుకు, ప్రత్యామ్నాయం ఏముంది, ముఖ్యమైన ప్రమాదాలు ఏమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ మీకు అర్థమయ్యేలా చెప్పడం డాక్టర్ బాధ్యత అని అదే తీర్పు చెప్పింది. లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదని కూడా చెప్పింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో 2023లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. అందుకే అడగడానికి మొహమాటపడకండి. ఇంకో డాక్టర్‌కు చూపించుకోవాలనిపిస్తే, వారం చాలినంత సమయమే.

ఇక ఆ ఫారాలు. ఖాళీగా ఉన్న ఫారం మీద సంతకం పెట్టకండి. ఇది మాత్రం ఎవరు విసుక్కున్నా వినకండి. ఆపరేషన్ పేరు, డాక్టర్ పేరు, తేదీ, టైము నింపాక, ఎవరిచేతనైనా తెలుగులో చదివించుకుని, అప్పుడు పెట్టండి. ఫారం మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాలతో, "ఆపరేషన్ సమయంలో అవసరమని డాక్టర్‌కు తోచిన మరే ఇతర చికిత్సకైనా అంగీకరిస్తున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. చాలా ఆసుపత్రుల ఫారాల్లో చూశాను. మీకు పరీక్ష ఒక్కటే చాలనుకుంటే ఆ వాక్యం మీద గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద మీ చేతి రాతతో ఇలా రాయండి: "గర్భసంచి లోపల చూసి ముక్క తీసే పరీక్షకు మాత్రమే ఒప్పుకుంటున్నాను. గర్భసంచి, అండాశయాలు తీసే విషయం రిపోర్టు వచ్చాక, నేను పూర్తి మెలకువలో ఉన్నప్పుడు నాతో మాట్లాడి నిర్ణయించాలి. ప్రాణాపాయం వస్తే తప్ప." తెలుగులో రాసినా చెల్లుతుంది. ఆ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకుని తమ్ముడికి పంపండి.

లేదు, అన్నీ విన్నాక ఒకేసారి తీయించుకోవడమే మేలనిపిస్తే అదీ మీ ఇష్టమే. అప్పుడు ఆ ఆపరేషన్‌కు కూడా విడిగా, పేరుతో సహా రాసిన ఫారం మీద ముందే సంతకం పెట్టండి. చట్టం దాన్ని కాదనదు. ఏది చేసినా మెలకువలో చేయండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి ఒక క్లయింటు కేస్ షీట్ జిరాక్సులు పట్టుకొచ్చారు. అనుమతి పత్రం మీద ఆమె సంతకం గీత దాటి కిందికి జారిపోయి ఉంది, చివరి అక్షరం కాగితం అంచున ఆగింది. పక్కన టైము 9.40. మత్తు డాక్టర్ నోట్సులో మొదటి ఇంజెక్షన్ టైము 9.20. ఆమెకు ఆ సంతకం పెట్టినట్టే గుర్తు లేదు. ఆ ఇరవై నిమిషాల తేడాయే మా వాదనకు ప్రాణమైంది, ఆసుపత్రి చివరికి రాజీకి వచ్చింది. ఆమె ఆరోగ్యం మాత్రం వెనక్కి రాలేదు. మిమ్మల్ని స్ట్రెచర్ మీద ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తున్నప్పుడు ఎవరైనా అట్టముక్క మీద కాగితం పెట్టి చాపితే, "నిన్ననే పెట్టానమ్మా" అని చెప్పగలిగేలా ముందే అన్నీ పూర్తి చేసుకోండి.

మత్తుకు వేరే అనుమతి పత్రం ఉంటుంది. అది కూడా చదవాలి. కొద్దిపాటి మత్తా, వెన్నులో ఇచ్చేదా, పూర్తి మత్తా అన్నది అందులో రాయించుకోండి. మత్తు డాక్టర్ అడిగినప్పుడు వాడే మందులు, పాత ఎలర్జీలు, ఊడేలా ఉన్న పన్ను, ఆఖరున ఎప్పుడు తిన్నారన్నది, ఒక్కటీ దాచకండి. పొద్దున్నే కాస్త టీ తాగి, ఆపరేషన్ వాయిదా వేస్తారేమోనని చెప్పని వాళ్ళను చూశాను. అది ప్రాణానికే ముప్పు. రేపు ఏదైనా జరిగి కేసు వేసినా, తప్పు పేషెంటుదేనన్న వాదనకు మనమే దారిచ్చినట్టవుతుంది.

మీ ఆయన సంతకం సంగతి. ఇక్కడ ఆసుపత్రి వాళ్ళు ఊరికే సతాయిస్తున్నారని అనుకోకండి. 2002 నాటి వైద్యుల నడవడి నియమావళిలో 7.16 అనే నియమం ఉంది. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్ అయితే భార్యాభర్తలిద్దరి అనుమతీ తీసుకోవాలని అందులో రాసి ఉంది. గర్భసంచి తీయడం ఆ కోవలోకి వస్తుంది, అందుకే అడుగుతున్నారు. నా అభిప్రాయంలో ఆ నియమం డాక్టర్లు పాటించాల్సిన పద్ధతే కానీ, మీ వైద్యాన్ని ఆపే అధికారం భర్తకు ఇచ్చేది కాదు. మీరు వద్దన్నదాన్ని ఆయన సంతకంతో చేయడం కుదరనే కుదరదు. ఉత్త పరీక్షకైతే ఆ నియమం అసలు వర్తించదు. గొడవ ఎందుకనుకుంటే, మీ ఆయన్ను తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి, సంతకం చేసి, పాస్‌పోర్టు మొదటి పేజీతో కలిపి స్కాన్ చేసి ఆసుపత్రికి మెయిల్ చేయమనండి. రికార్డు కోసమే కాబట్టి సాధారణంగా దానికి ఒప్పుకుంటారు.

తమ్ముడి పాత్ర చిన్నదేమీ కాదు. నిజంగా ప్రాణం మీదికొస్తే డాక్టర్లు మాట్లాడేది అతనితోనే. మీకేది ఇష్టమో, ఏది వద్దో ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి, కాగితం మీద కూడా రాసివ్వండి. డబ్బు కోసం ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్ళకండి. కావాల్సిన అడ్వాన్సు ముందే అతని ఖాతాలో వేయండి. ఇంటికి వచ్చాక కూడా మత్తు పూర్తిగా వదిలేదాకా బ్యాంకు కాగితాలు, భూమి కాగితాలు, చిట్టీల కాగితాలు ఏవీ ముట్టుకోవద్దు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం, చేస్తున్నదేమిటో అర్థం చేసుకోలేని స్థితిలో చేసిన ఒప్పందం చెల్లదు. కానీ ఆ స్థితిలో ఉన్నామని తర్వాత నిరూపించుకోవడం ఎంత కష్టమో కోర్టుల చుట్టూ తిరిగిన వాళ్ళకే తెలుసు.

ఇన్సూరెన్స్ విషయంలో మూడు సంగతులు చూడండి. గర్భసంచి తొలగింపుకు చాలా పాలసీల్లో 24 నెలల వెయిటింగ్ ఉంటుంది, అంటే పాలసీ తీసుకున్నాక అన్నాళ్ళదాకా దానికి డబ్బు ఇవ్వరు. మీది మూడేళ్ళు నిండింది కాబట్టి, మధ్యలో రెన్యువల్ తప్పకపోతే ఇబ్బంది ఉండకూడదు. కెమెరా పరీక్షకు 24 గంటలు అడ్మిట్ కాకుండానే పంపేయవచ్చు, అది డే కేర్ కింద, అంటే ఒక్క రోజు కూడా ఉండనక్కర్లేని చికిత్సల కింద, వస్తుందో లేదో కంపెనీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. మూడోది చాలామంది దెబ్బతినే చోటు. అడ్మిషన్ అప్పుడు జూనియర్ డాక్టర్ "బీపీ ఎన్నాళ్ళ నుంచి?" అంటారు. మనం ఆలోచించకుండా "నాలుగైదేళ్ళు" అంటాం. అది కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకున్నది మూడేళ్ళ క్రితం, దాచారు అంటూ క్లెయిము తిరగ్గొడతారు. మొదటి ప్రిస్క్రిప్షన్ వెతికి పట్టుకెళ్ళి, దాని మీద ఉన్న తేదీనే చెప్పండి. ఉన్నది దాచమని నేనెప్పుడూ చెప్పను, అంచనాతో చెప్పవద్దంటున్నాను.

క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అడిగితే గంటలోపు, డిశ్చార్జ్ అప్పుడు మూడు గంటల్లోపు కంపెనీ తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన సర్క్యులర్‌లో ఉంది. మూడు గంటలు దాటి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే అది కంపెనీయే భరించాలి. క్లెయిము అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకి ఫిర్యాదు రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు, ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు. బిల్లు బాకీ ఉందని మనిషిని ఆసుపత్రిలో ఆపే హక్కు ఎవరికీ లేదు. బాకీ వసూలుకు వేరే దారులున్నాయి, మనిషిని నిర్బంధిస్తే అది నేరం.

ఇంటికి వచ్చేముందు డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లుల ఒరిజినల్స్ తీసుకోండి. తీసిన ముక్క ఏ ల్యాబుకు పంపారో రాయించుకోండి. కేస్ షీట్, అనుమతి పత్రాలు, మత్తు నోట్సు కాపీలు కావాలని ఆసుపత్రి పేరిట ఒక దరఖాస్తు రాసి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళిలో ఉంది. వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ళు రికార్డులు భద్రపరచాలని కూడా ఉంది. అంతా సవ్యంగా జరిగినా ఈ దరఖాస్తు పెట్టండి. పొరపాటున ఏదైనా జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి మీకు రెండేళ్ళ గడువు ఉంటుంది.

ఆ నాలుగు ఫారాలూ ఫోన్‌లో ఫొటో తీసి, మీ పేరు, వివరాలు కనిపించకుండా వేలు అడ్డం పెట్టి నాకు పంపండి. అడ్మిట్ అయ్యేలోపు చదివి, ఏ వాక్యం మీద గీత కొట్టాలో చెబుతాను.