ఫోను ఉండగా సీబీ రేడియో ఎందుకంటే

అమెరికాలో ట్రక్కు నడిపే లైసెన్సు నాకు కొత్తగా వచ్చింది, ఫోనులో మ్యాపు ఉండగా సీబీ రేడియో (డ్రైవర్లు దగ్గర్లోని వాళ్లతో మాట్లాడుకునే రేడియో) దండగ కాదా అని మీరు అడిగారు. కాదు, కొనండి. వయోమింగ్ రాష్ట్రంలో ఐ-80 హైవే మీద మంచు తుపాను పట్టినప్పుడు, రెండు మైళ్ల ముందు ట్రక్కులు గుద్దుకుని ఆగాయని మ్యాపు ఎరుపెక్కేలోపే ట్రక్కు డ్రైవర్లు వాడే 19వ ఛానెల్‌లో ఎదురుగా వచ్చే డ్రైవరు చెప్పేస్తాడు. ఫోను సిగ్నల్ లేని చోటా వినిపిస్తుంది. కొన్ని గోదాముల్లో సరుకు దించే ఏ డాకుకు ట్రక్కును వెనక్కి తేవాలో కూడా దానిలోనే పిలుస్తారు.

దీనికి లైసెన్సు అవసరం లేదు. ఏఎం పద్ధతిలో పంపే శక్తికి అనుమతి 4 వాట్లే కాబట్టి ఖరీదైన రేడియో కన్నా మంచి యాంటెన్నా మీద డబ్బు పెట్టండి. బిగించాక, యాంటెన్నా సరిగ్గా కుదిరిందో లేదో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో సరిచూసుకోండి. రేడియో మీది స్క్వెల్చ్ అనే మీట తిప్పితే ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే గురగుర ఆగుతుంది. బూతులు మాత్రం ఆగవు, వాటికి శబ్దం తగ్గించుకోవడమే.