బెజవాడ నుంచి మంగినపూడి బీచ్‌కి క్లబ్‌తో సైకిల్ మీద వెళ్ళాలి, ఏ సైకిల్ కొనమంటారు?

అడిగినవారు విజయవాడలో ఈ మధ్యే ఒక సైక్లింగ్ క్లబ్‌లో చేరారట. వచ్చే నెల ఆదివారం మంగినపూడి బీచ్‌కి గ్రూప్ రైడ్ పెట్టారట. తన దగ్గర మామూలు గేర్ సైకిల్ ఉంది, రోడ్ బైక్ కొనాలా, ఎంతలో కొనాలి అని ప్రశ్న.

ఏ సైకిలైనా పర్లేదండీ. బ్రేకులు పట్టాలి, చక్రం వంకర లేకుండా తిరగాలి, అంతే. బెజవాడ నుంచి బందరు (మచిలీపట్నం) దాకా ఉన్న 70 కిలోమీటర్లలో ఎత్తు అని చెప్పుకోదగ్గది ఏమైనా ఉంటే అది ఫ్లైఓవరే. మిగతాదంతా డెల్టా, నీళ్ళు పోస్తే ఎటు పారాలో తెలియనంత చదును. అక్కడ్నుంచి బీచ్ ఇంకో 11 కిలోమీటర్లు. మీ సైకిల్‌కి 21 గేర్లు ఉన్నా మీరు వాడేది మూడే. బొడిపెలున్న మౌంటెన్ బైక్ టైర్లయితే మాత్రం మార్చి నున్నటివి వేయించండి, అవి రోడ్డు మీద దారి పొడవునా గుర్ర్‌మని మోగుతూ సగం బలం తినేస్తాయి. ఖర్చు అక్కడితో ఆపండి.

అసలు మీరు కొట్టువాణ్ణి కాదు, క్లబ్‌వాళ్ళని ఒకటి అడగాలి: రైడ్‌లో గాలి పంపు ఎవరి దగ్గర ఉంటుంది? ముందు వెళ్ళేవాడి దగ్గరా, వెనక వచ్చేవాడి దగ్గరా?

నవ్వకండి. నేను చాలా రైడ్‌లు చూశాను, ఇవి చెడేది సైకిళ్ళ వల్లా కాదు, ఎండ వల్లా కాదు, ముందు దూసుకుపోయేవాళ్ళ వల్లే. రాసిపెట్టుకోండి.

పోయిన డిసెంబరులో ఇదే బందరు రైడ్. తెల్లవారుజామున నాలుగున్నరకి బెంజ్ సర్కిల్ దగ్గర కలిశాం. అందరివీ ఒకే రంగు జెర్సీలు. ఆ జెర్సీ రంగు గురించి వాట్సాప్ గ్రూపులో రెండు వారాలు చర్చ జరిగింది, ఎక్కడ ఆగాలి, ఎవరి దగ్గర ఏముంది అన్నదాని మీద ఒక్క మెసేజ్ లేదు. పోరంకి, పెనమలూరు దాటేదాకా అంతా ఒక గుంపుగానే ఉన్నాం. ఉయ్యూరు దగ్గరకొచ్చేసరికి చక్కెర ఫ్యాక్టరీ వాసన, తియ్యగా, కాస్త పులిసినట్టు. నాకైతే ఆ వాసన వస్తేనే బందరు రోడ్డు ఎక్కినట్టు ఉంటుంది. అక్కడ టీ తాగాక కుర్రాళ్ళకి ఊపొచ్చింది. పామర్రు సెంటర్ దాటేసరికి ముందు గుంపు లైట్లు కూడా కనపడలేదు.

వెనక మిగిలింది నేనూ, రిటైరైన ఒక లెక్కల మాస్టారు. ఆయన నిదానంగా తొక్కుతారు, కానీ ఆగరు. నాకు అలాంటివాళ్ళ పక్కన తొక్కడమే ఇష్టం, ఊపిరి ఆడుతుంది, కబుర్లూ సాగుతాయి.

ఇక్కడ గాలి సంగతి చెప్పాలి, మీకు ఎవరూ చెప్పి ఉండరు. చలికాలంలో మన వైపు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. బందరు రోడ్డు ఆగ్నేయంగా పోతుంది. అంటే గాలి మీ ఎడమ భుజానికి కొడుతుంది. గాలిలో ముందువాడి చాటున తొక్కితే శ్రమ పావు వంతు దాకా తగ్గుతుంది, యూట్యూబ్‌లో అందరూ చెప్పేదే. కానీ ఎడమ నుంచి గాలి వస్తుంటే ఆ చాటు సరిగ్గా వెనక దొరకదు, కాస్త కుడికి జరిగితే దొరుకుతుంది. హైవే మీద కుడికి జరిగితే లారీ ఉంటుంది. విదేశాల్లో రోడ్డు మూసేసి పెట్టే రేసుల్లో ఐమూలగా వరస కట్టే పద్ధతిని ఇక్కడ చెయ్యబోతే ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి గాలిని తిట్టుకుంటూ ఎవరికి వాళ్ళు తొక్కడమే. ఎండెక్కి నేల కాగేకొద్దీ సముద్రం వైపు నుంచి గాలి మొదలవుతుంది, అదైతే నేరుగా ముఖానికే. అందుకే ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా బందరు దాటేయాలనేది.

మేము నిడుమోలు దాటాం. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు, గాలికి పట్టాలు ఎగిరిపోకుండా అంచున రాళ్ళు పెట్టారు. ఆ రాళ్ళు చీకట్లో కనపడవు, తెల్లారాక కనపడ్డా వాటిని తప్పించుకోవడానికి రోడ్డు మధ్యలోకి రావాలి. రైతుని ఏమనలేం, కల్లాలు లేకపోతే అతను మాత్రం ఎక్కడ ఆరబోసుకుంటాడు. అలా తప్పించుకుంటూ మాస్టారు మట్టి మార్జిన్‌లోకి దిగారు, మళ్ళీ ఎక్కారు, ఇంకో అర కిలోమీటరు వెళ్ళేసరికి వెనక చక్రం మెత్తబడిపోయింది.

ముందు గుంపుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. గ్రూపులో పెట్టాను, ‘పంక్చర్, పంపు మీ దగ్గరే ఉంది’ అని. అడ్మిన్ గారు బొటనవేలు బొమ్మ పెట్టారు. పది నిమిషాల తర్వాత అదే గ్రూపులో గూడూరు దగ్గర సెల్ఫీ.

నెట్టుకుంటూ వెళ్తే ఒక పంక్చర్ షాపు దొరికింది. షాపంటే తాటాకు పంచ, ఒక కంప్రెసర్, నల్లగా మాసిన నీళ్ళ తొట్టి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు అప్పుడే ముఖం కడుక్కుని వచ్చాడు. ట్యూబు లాగి నీళ్ళలో ముంచి బుడగలు చూశాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు, సొల్యూషన్ పూసి ఊదుతూ ఆరబెట్టాడు, ప్యాచ్ వేసి సుత్తితో మెల్లగా తట్టాడు. ఆ తర్వాత నేను చెప్పకుండానే టైరు లోపలి వైపు వేలితో చుట్టూ తడిమి, తుమ్మముల్లు కొన పట్టుకుని పటకారుతో లాగేశాడు. అది తీయకుండా ట్యూబు ఎక్కిస్తే ఫర్లాంగు కూడా పోదు. సిటీలో పెద్ద షోరూముల్లో నీలం యూనిఫాం వేసుకున్నవాళ్ళు కూడా ఇది మర్చిపోవడం నేను చూశాను.

అంతా అయ్యాక గాలి పట్టబోయి ఆగిపోయాడు. “అక్కా, ఇది సైకిల్‌ది కాదు, బండిది కాదు, ఏం వాల్వ్ ఇది?”

మాస్టారి అబ్బాయి బెంగళూరు నుంచి పంపిన ఖరీదైన సైకిల్ అది. సన్నటి వాల్వ్, పైన చిన్న నట్టు, అది విప్పితేగానీ గాలి ఎక్కదు. ప్రెస్టా అంటారు. మన ఊళ్ళలో కంప్రెసర్ మూతి దానికి పట్టదు, బుస్సుమని పక్కనుంచి గాలంతా పోతుంది. దానికి రూపాయి కాసంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ ఒకటి వస్తుంది, అది బిగిస్తే మోటార్ సైకిల్‌కి కొట్టినట్టే కొట్టుకోవచ్చు. ఆ అడాప్టర్ కూడా పంపుతో పాటు ముందు గుంపు సంచీలోనే ఉంది!

కుర్రాడు నాలుగైదు సార్లు చూశాడు. వాల్వ్ మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాన్ని తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. బ్లేడుతో దాని కొన కోసేశాడు. వాల్వ్ నట్టు విప్పి, ఆ కోసిన మూతని మళ్ళీ బిగించి, కంప్రెసర్ మూతి దాని మీద గట్టిగా అదిమి పట్టి “మాస్టారూ, చక్రం కదలకుండా పట్టుకోండి” అన్నాడు. సగం గాలి బయటికే పోయింది, సగం లోపలికి వెళ్ళింది. బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోయేంత ఎక్కింది, బందరు చేరడానికి అది చాలు. యాభై అడిగాడు. మాస్టారు వంద ఇచ్చి “ఇంటర్ చదువుతున్నావా?” అని మొదలుపెట్టారు, పావుగంట పట్టింది ఆయన్ని అక్కణ్ణుంచి కదిలించడానికి.

ఇప్పుడు మళ్ళీ మీ ప్రశ్నకి వస్తే, అందుకే అంటున్నాను మీ మామూలు సైకిలే మేలని. దానికి లావు వాల్వో, పాతకాలపు వాల్‌ట్యూబో ఉంటుంది, గూడూరులో అయినా కంకిపాడులో అయినా గాలి పడుతుంది.

మీరు వెనకపడితే సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఫ్రాన్స్‌లో పుట్టి ఇక్కడికీ వచ్చిన బ్రెవే అనే లాంగ్ రైడ్‌లు ఉన్నాయి, అందులో 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. ఆగడాలు, తినడాలు అన్నీ కలిపి గంటకి 15 కిలోమీటర్లు పడితే చాలన్నమాట. లాంగ్ రైడ్‌లకే పుట్టిన పద్ధతిలోనే అంత వెసులుబాటు ఉంటే, ఆదివారం పూట బందరు వెళ్ళడానికి సగటు వేగం 28 ఎందుకండీ? స్ట్రావా యాప్‌లో పెట్టుకోవడానికి. ఇంకో కారణం నాకు కనపడలేదు.

ఇంకో సంగతి, మగవాళ్ళు రాసే జవాబుల్లో ఇది రాదు. ఆడవాళ్ళు వస్తుంటే దారిలో బాత్రూం ఎక్కడో ముందే చూసిపెట్టాలి. పెట్రోల్ బంకుల్లో ఉంటుంది, తలుపు మీద బోర్డూ ఉంటుంది, తాళం మాత్రం మేనేజర్ దగ్గర, మేనేజర్ ఇంకా రాలేదు. అందుకని చాలామంది అమ్మాయిలు నీళ్ళు తాగకుండా తొక్కుతారు, మధ్యాహ్నానికి తలనొప్పి, కాళ్ళు పట్టెయ్యడం. తర్వాత గ్రూపులో ఎవరో ఒకరు ‘లేడీస్‌కి స్టామినా తక్కువ’ అని జ్ఞానం చెప్తారు. నేనైతే రైడ్‌కి ముందు వారం బండి మీద వెళ్ళి తాళం తీసి ఉన్న రెండు చోట్లు చూసి పెట్టుకుంటాను. ఆ పని క్లబ్ చెయ్యాలి.

సరే, మేము బందరు చేరాం, చిలకలపూడి పాండురంగడి గుడి బయట నిలబడి దణ్ణం పెట్టుకుని బీచ్ దారి పట్టాం. పోర్టు పనులు మొదలయ్యాక అటు లారీలు ఎక్కువయ్యాయి, చూసుకుని వెళ్ళండి. మేము వెళ్ళేసరికి ముందు గుంపు ఫొటోలు అయిపోయి, టిఫిన్లు కూడా అయిపోయి, చెట్టు కింద కూర్చుని ఎవరి స్పీడు ఎంతో లెక్కలేసుకుంటున్నారు. “ఏంటి మాస్టారూ, లేటయింది?” అని అడిగాడొకడు. మాస్టారు ఏమీ అనలేదు, చెప్పులు విప్పి నేరుగా నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం అన్నాను, ఏమన్నానో ఇక్కడ రాస్తే ఈ జవాబు తీసేస్తారు.

ఆ తర్వాత నుంచి నేను వచ్చే రైడ్‌లో పంపు, అడాప్టర్, ప్యాచ్‌లు చివర తొక్కేవాళ్ళ దగ్గరే ఉంటాయి. ముందువాడికి పంక్చర్ పడితే కూర్చుని ఎదురుచూస్తాడు, వెనకవాళ్ళు ఎలాగూ వస్తారు. వెనకవాడికి పడితే ముందువాడు రాడు. ఇంత సులువైన లెక్క నాలుగేళ్ళ క్లబ్‌లో ఎవరికీ తట్టలేదు.

బీచ్‌లో ఫొటో కోసం సైకిల్‌ని నీళ్ళ దాకా తీసుకెళ్ళమంటారు, వెళ్ళకండి. మంగినపూడిలో ఇసుక కన్నా నల్లమట్టి ఎక్కువ, చెయిన్‌కి పట్టిందంటే వదలదు, పైగా ఉప్పునీళ్ళు. ఇంటికెళ్ళి ఆ రాత్రే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి నూనె వెయ్యకపోతే రెండ్రోజుల్లో ఎర్రగా తుప్పు తేలుతుంది. వచ్చేటప్పుడు ఊళ్ళో హల్వా, తొక్కుడు లడ్డూ కొనుక్కోండి. బందరు లడ్డూకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఉంది. ఇంట్లోవాళ్ళు వచ్చే ఆదివారం కూడా వెళ్ళనివ్వాలంటే అది తప్పనిసరి.

తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది, అందుకే చాలామంది తొక్కేద్దామంటారు. గాలి మంచిదే, ఎండ మంచిది కాదు. మొదటిసారి కాబట్టి మీరు ఆ మాట వినకండి. రైలుంది గానీ సైకిల్‌ని లగేజీ కింద బుక్ చెయ్యాలి, ఆదివారం ఆ హడావుడి ఎవరు పడతారు. నలుగురైదుగురు కలిస్తే ఒక ట్రక్ ఆటో మాట్లాడుకోవచ్చు, బందరులో ముందు రోజే ఫోన్ చేసి పెట్టుకుంటే బేరం కుదురుతుంది. ఇంటి నుంచి రెండు పాత దుప్పట్లు పట్టుకెళ్ళండి, సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య వెయ్యకపోతే రంగు పోతుంది. గేర్లు ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి, కిందకి పెడితే గేరు మార్చే కొక్కెం వంగిపోతుంది. ఆటో అన్నకి చెప్తే సరేనంటాడు గానీ తన ఇష్టం వచ్చినట్టే పెడతాడు, మీరే ఆటో ఎక్కి సర్దుకోండి.