హ్యాకింగ్ కోర్సు కన్నా ముందు ఫైళ్ల భద్రత నేర్చుకోండి

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. సైబర్ సెక్యూరిటీలో స్థిరపడాలని ఉంది. అప్పు చేసైనా ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పిస్తానని నాన్న అంటున్నారు. లినక్స్ కొద్దిగా వచ్చు. ఏం చేయమంటారు?
- ఓ విద్యార్థి, నల్గొండ

జవాబు: ఇప్పుడే అప్పు చేయొద్దని నాన్నగారికి చెప్పండి. లినక్స్‌లో ఫైళ్లను కాపాడటం, వాటిని ఎవరైనా మార్చితే పట్టుకోవడం ముందు గట్టిగా నేర్చుకోండి. దానికి ఓ పాత ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ చాలు.

పర్మిషన్లతో, అంటే ఏ ఫైలును ఎవరు చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అనే అనుమతులతో మొదలుపెట్టండి. 'పర్మిషన్ డినైడ్' అని రాగానే చాలామంది పర్మిషన్లు మార్చే కమాండు సీహెచ్‌మోడ్‌తో 777 కొట్టేస్తారు. అలా చేస్తే ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా ఆ ఫైలును చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు. సర్వర్ల మీద ఇది చాలా ప్రమాదకరమైన అలవాటు. అదే 640 అయితే ఓనర్ చదవగలడు, రాయగలడు. గ్రూపు చదవడం వరకే. మిగతావాళ్లకు ఏమీ లేదు. అంకె చూడగానే ఇది చెప్పగలగాలి. యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ పర్మిషన్లు రాకూడదో చెప్పేది), సెట్‌యూఐడీ (ప్రోగ్రామును దాని ఓనర్ హక్కులతో నడిపించేది) ఆ తర్వాత.

ఇక ఫైలు మారిందో లేదో తేల్చడం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే కమాండు ఫైలంతా చదివి 64 అంకెలు, అక్షరాల వరుస ఇస్తుంది. దీన్నే చెక్‌సమ్ అంటారు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు అసలుదేనా అని, సైటులో ఇచ్చిన చెక్‌సమ్‌తో పోల్చి చూస్తారు. ఫైల్లో ఒక్క కామా తీసేసి మళ్లీ నడపండి, పాత వరుసకూ కొత్తదానికీ పోలికే ఉండదు. అయితే 2016 ఫిబ్రవరిలో లినక్స్‌లో ఓ రకమైన లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవాళ్లు డౌన్‌లోడ్ లింకునే బ్యాక్‌డోర్ (దొంగదారి) ఉన్న ఐఎస్‌ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు వైపు తిప్పేశారు. సైటు చేతికి చిక్కినవాడికి అక్కడి చెక్‌సమ్ మార్చడం ఎంతసేపు? అందుకే ఫైలు అసలు తయారీదారుల నుంచే వచ్చిందని చూపే డిజిటల్ సంతకం, జీపీజీ సంతకం కూడా సరిచూడాలి. సంతకం సరిపోయినా సరిపోదని 2024 మార్చిలో ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. అందులో బ్యాక్‌డోర్ పెట్టింది ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించి నిర్వాహకుడైనవాడే. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎందుకు ఎక్కువ పడుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే అది బయటపడింది. దీని గురించి తప్పకుండా చదవండి.

ఇవి తెలిశాక వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) ఉబుంటు లినక్స్ వేసి, ఎయిడ్ అనే టూల్ ఇన్‌స్టాల్ చేయండి. అది ముఖ్యమైన ఫైళ్ల వివరాలతో డేటాబేస్ తయారుచేస్తుంది. తర్వాత హోస్ట్స్ ఫైల్లో (సైట్ల పేర్లు, వాటి చిరునామాలు ఉండే ఫైలు) ఓ లైను చేర్చి ఎయిడ్‌తో చెక్ నడిపితే, ఏం మారిందో రిపోర్టులో చూపిస్తుంది. డేటాబేస్ కాపీ మాత్రం ఆ మెషీన్‌లోనే ఉంచొద్దు, లోపలికొచ్చినవాడు దాన్నీ మార్చేస్తాడు. కార్డు చెల్లింపులు చూసే సంస్థలు కార్డు వివరాల భద్రతకు పెట్టిన పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం ప్రకారం ఇలాంటి నిఘా పెట్టి తీరాలి, కాబట్టి ఈ పని తెలిసినవాళ్లు వాటికి కావాలి. మీరు చేసిందంతా మీ మాటల్లో రాసి, ప్రాజెక్టులు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెట్టండి, రెజ్యూమెలో ఆ లింకు ఇవ్వండి.

ఇదంతా అయ్యాక కూడా ఆసక్తి తగ్గకపోతే లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షకు ప్రిపేర్ అవ్వండి. అందులో బిట్లు ఉండవు, మెషీన్ మీద పని చేసి చూపించాలి. ఫీజంటూ కడితే ముందు దానికి కట్టండి.