ట్రెంటోకు కొత్తగా వచ్చినవారికి: కొండలకు ఎలా వెళ్లాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

ఉత్తర ఇటలీలోని ట్రెంటోకు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు, గది దొరికి, నివాసానుమతి దరఖాస్తు పోస్టాఫీసులో ఇచ్చి కాస్త ఊపిరి పీల్చుకున్నాక తప్పకుండా అడిగే సందేహం ఒకటుంది: బ్రాయెస్ సరస్సుకు ఎలా వెళ్లాలి? పచ్చని నీళ్లు, కొయ్య పడవలు ఉన్న ఆ ఫొటోను అందరూ చూసే ఉంటారు. ఆ సరస్సు నిజంగానే అందమైనది. కానీ అది పక్క జిల్లా బొల్జానోలో తూర్పు కొసన ఉంది. రైళ్లు మారి, ఆపై బస్సెక్కి వెళ్లి రావడానికే రోజులో సగం పైన పోతుంది. వేసవి రద్దీ నెలల్లో పగటి వేళ ముందుగా బుక్ చేసుకోని కార్లను ఆ లోయలోకి రానివ్వరు. అంత దూరం పోయి, ఒడ్డున జనం మధ్య నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగి రావడం కన్నా, మీ కిటికీలోంచి రోజూ కనిపించే కొండతో మొదలుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం. ఈ ప్రాంతపు కొండలకు ఒక పద్ధతి ఉంది. దాన్ని ఇంటికి దగ్గరలో నేర్చుకుంటే దూరపు కొండల్లో భయం ఉండదు.

ట్రెంటో ఊరు ఆదిజే నది ఒడ్డున, సముద్రమట్టానికి 200 మీటర్ల లోపు ఎత్తులో ఉంది. పడమటి వైపు నిలబడ్డ కొండ బొందోనే. రైల్వే స్టేషనుకు కొద్ది దూరంలోనే, నది దగ్గర నుంచి సర్దాగ్నా అనే పల్లెకు చిన్న కేబుల్ కారు ఉంది. ఆ రోజు నడుస్తోందో లేదో చూసుకుని వెళ్లండి. సర్దాగ్నాలో దిగి కాసేపు తిరిగి, అడవి దారిలో కిందికి నడిచి రావడం తొలి ఆదివారానికి చాలు. కాళ్లకు కొంచెం అలవాటయ్యాక బస్సులో వియోతే మైదానానికి వెళ్లండి. అది 1,500 మీటర్లకు పైన ఉన్న విశాలమైన పచ్చిక బయలు. అక్కడ 1938లో నెలకొల్పిన ఆల్ప్స్ మొక్కల తోట ఉంది. ఇలాంటి తోటల్లో ఆల్ప్స్ మొత్తంలోనే పాతవాటిలో ఒకటి. జూన్ నెలలో ఆ బయలు అంచున వంగి చూస్తే, వేలెడెత్తు కాడ మీద ముదురు నీలం జెన్షియన్ పువ్వు కనిపిస్తుంది. మేఘం కమ్మితే ముడుచుకుంటుంది, ఎండ రాగానే విచ్చుకుంటుంది. చూడండి, ఫొటో తీసుకోండి, కోయకండి. ఇక్కడ చాలా కొండపువ్వులకు చట్టపు రక్షణ ఉంది.

వియోతేలో ఇంకొక సంగతి కూడా ఒంటికి తెలిసివస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో 32 డిగ్రీలకు చెమటలు కారుతున్న రోజున పైన 23 ఉంటుంది, గాలి వీస్తే ఇంకా చల్లగా అనిపిస్తుంది. అందుకే నడివేసవిలో కూడా సంచిలో ఒక స్వెటరు, ఒక రెయిన్‌కోటు ఉండాలి. బూట్లకు అడుగున గట్టి పట్టు ఉండాలి. మిగతా సామాన్లకు ఇప్పుడే డబ్బు పోయనక్కరలేదు.

కాలిబాటల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఈ జిల్లా దారుల్లో చాలావాటిని 1872లో స్థాపించిన 'సాత్' అనే పర్వతారోహకుల సంఘం చూసుకుంటుంది. చెట్ల మీద, రాళ్ల మీద ఎరుపు, తెలుపు రంగుల గుర్తులు, మధ్యలో దారి నంబరు ఉంటాయి. కూడళ్లలో ఉండే పలకల మీద చోటి పేరు పక్కన కిలోమీటర్లు కాకుండా నడవడానికి పట్టే సమయం రాస్తారు. కొండ మీద దూరం కన్నా ఎత్తే లెక్క కాబట్టి ఇది సరైన పద్ధతి. మామూలు మనిషి గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కుతాడని అనుకుంటే అంచనా దాదాపు సరిపోతుంది. పటంలో నాలుగు కిలోమీటర్లే కదా అని బయల్దేరిన దారిలో 900 మీటర్ల ఎక్కుడు ఉంటే అది మూడు గంటల పని. ప్రతి దారికీ కష్టాన్ని బట్టి ఒక అక్షరం కూడా ఉంటుంది. 'టి' అని ఉంటే పిల్లలతో కూడా వెళ్లవచ్చు, 'ఇ' అంటే మామూలు కొండదారి, రెండు 'ఇ'లు కలిసి ఉంటే అనుభవజ్ఞులకు మాత్రమే, దాని పక్కన 'ఎ' కూడా చేరితే నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ కట్టుకుని ఇనుపతాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన దారి. తొలి ఏడాది మొదటి రెండు రకాలు దాటవద్దు. ఫోన్‌లోని మామూలు మ్యాపు ఈ తేడాలు చూపించదు, దాన్ని నమ్ముకుని అడ్డదారి తొక్కవద్దు.

"అలిపిరి మెట్లన్నీ ఎక్కినవాళ్లం, ఇదెంత?" అనే ధీమా మనలో చాలామందికి ఉంటుంది. ఓపిక విషయంలో ఆ ధీమా తప్పు కాదు. అయితే తిరుమల దారిలో అడుగడుగునా నీళ్లు, నీడ, మనుషులు ఉంటారు. ఇక్కడి కొండదారిలో రెండు గంటలు నడిచినా ఎవరూ ఎదురుపడకపోవచ్చు. జులై, ఆగస్టుల్లో ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి నల్లబడి పిడుగులు కురిపించడం ఇక్కడ మామూలే. కనుక ఉదయం ఏడింటికల్లా దారిలో ఉండండి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా శిఖరాల నుంచి, ఇనుపతాళ్ల నుంచి దూరంగా దిగిపోండి. ముందు రోజు రాత్రి, బయల్దేరే ముందు ఒకసారి ఈ జిల్లా వాతావరణ కేంద్రమైన మెటియోట్రెంటీనో వారి సూచన చదవండి. వేసవి ఎండ ఎంత ప్రమాదకరమో 2022 జులై 3న మార్మొలాదా హిమానీనదం చూపించింది. డోలమైట్ పర్వతాల్లో 3,343 మీటర్లతో అన్నిటికన్నా ఎత్తైన ఆ కొండ మీద విపరీతమైన వేడికి మంచుగడ్డ విరిగిపడి 11 మంది చనిపోయారు.

నీళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటే వాల్‌సుగానా వైపు వెళ్లే రైలెక్కండి. కాల్దొనాజ్జో సరస్సు పక్కనే స్టేషన్లు ఉన్నాయి, తర్వాత లేవికో సరస్సు వస్తుంది. వేసవిలో రెండింట్లోనూ జనం ఈదుతారు. ఒడ్డు దగ్గర లోతు చటుక్కున పెరగవచ్చు, అడుగున నీళ్లు చల్లగా ఉంటాయి. ఈత సరిగ్గా రానివారు నడుము లోతు దాటకండి. ఆదిజే నదిలో మాత్రం ఎవరూ దిగవద్దు, ప్రవాహం పైకి కనిపించేదానికన్నా చాలా బలమైనది. సైకిలు ఉన్నవారికి ఈ ప్రాంతం వరమే. నది వెంట ట్రెంటో నుంచి దక్షిణాన రొవెరెతో దాకా సుమారు 25 కిలోమీటర్ల సైకిలు బాట, దాదాపు చదునుగా, ద్రాక్ష తోటల మధ్య నుంచి సాగుతుంది. అలసిపోతే రైలెక్కి తిరిగి రావచ్చు.

బస్సుల విషయంలో ఒక్క జాగ్రత్త. స్టాపులోని పట్టికలో 'ఫెరియాలే' అన్న బస్సు సోమవారం నుంచి శనివారం దాకానే నడుస్తుంది, 'ఫెస్తీవో' అన్నది ఆదివారాలు, పండగ రోజుల్లో నడుస్తుంది, 'స్కొలాస్తికో' అన్నది బడి ఉన్న రోజుల్లోనే వస్తుంది. తిరుగు బస్సు ఏ రోజుదో చూడకుండా లోయ లోపలికి వెళ్లవద్దు. విద్యార్థులకు తక్కువ ధరకు రవాణా కార్డు ఉందేమో విశ్వవిద్యాలయంలో కనుక్కోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒక్కరోజు ప్రయాణం నోన్ లోయలోని సన్ రొమేదియో. ట్రెంటో నుంచి మాలే వైపు పోయే చిన్న రైల్లో, ఆపై బస్సులో సంజేనో చేరుకోవాలి. అక్కడి నుంచి కొండ చరియను తొలిచి వేసిన పాత సాగునీటి కాలువ వెంబడి, తల పైన రాయి, పక్కన లోయ ఉండగా ముప్పావు గంట నడక. చివర ఒక నిటారైన బండ మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టుగా చిన్న చిన్న ప్రార్థనాలయాలు, వాటి పైదాకా 131 మెట్లు. ఏప్రిల్‌లో వెళ్తే ఆ లోయంతా ఆపిల్ పూతతో తెల్లబడి ఉంటుంది. అక్కడి సాధువు ఎలుగుబంటిని మచ్చిక చేసుకున్నాడని కథ.

ఎలుగుబంట్లు ఈ అడవుల్లో నిజంగానే ఉన్నాయి. అంతరించిపోతున్న జాతిని నిలబెట్టడానికి 1999 నుంచి 2002 దాకా స్లొవేనియా నుంచి పదింటిని తెచ్చి వదిలారు. ఇప్పుడు వాటి సంతతి వంద దాకా ఉంది. 2023 ఏప్రిల్‌లో సోలే లోయలో పరుగుకు వెళ్లిన ఒక యువకుడిని ఎలుగుబంటి చంపింది. దీనికి భయపడి ఇంట్లో కూర్చోనక్కరలేదు. తెల్లవారుజామున, చీకటి పడ్డాక ఒంటరిగా అడవిలో పరుగెత్తకండి, మాట్లాడుకుంటూ నడవండి, తిండి పారేయకండి. ఎదురైతే పరుగు తీయకుండా, నెమ్మదిగా వెనక్కి తగ్గండి. రోజూ జాగ్రత్తపడాల్సింది మాత్రం చిన్న పురుగు విషయంలో: గడ్డిలో ఉండే గోమారి (టిక్) కాలికి పట్టుకుంటే జ్వరాలు రావచ్చు. పొడవు ప్యాంటు వేసుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి, టీకా గురించి మీ డాక్టరును అడగండి.

కొండల మీది విశ్రాంతి గృహాలను 'రిఫూజో' అంటారు. ఎత్తున ఉన్నవి చాలావరకు జూన్ 20 నుంచి సెప్టెంబరు 20 దాకానే తెరిచి ఉంటాయి. కార్డు తీసుకోని చోట్లు ఉంటాయి కనుక నగదు పెట్టుకోండి. నీళ్లు కింది నుంచే తీసుకెళ్లండి. శాకాహారులకు జున్ను, పుట్టగొడుగులతో ఇచ్చే పొలెంటా (మొక్కజొన్న పిండి సంకటి), పాలకూర వేసి చేసే స్ట్రాంగొలప్రేతి ఉండలు బాగుంటాయి. కనెదెర్లి అనే రొట్టె ఉండల్లో తరచూ పంది మాంసం కలుపుతారు, అవి తేలే పులుసు కూడా మాంసానిదే. 'కార్నే సలాదా' అంటే గొడ్డు మాంసం. అడిగి తెలుసుకోవడంలో మొహమాటం వద్దు, ఎవరూ ఏమీ అనుకోరు.

చలికాలంలో మంచు మీద నడకకు వెళ్లేవారు, గుర్తులున్న సురక్షిత దారులు కాకుంటే, ఆ రోజు మంచుచరియలు విరిగిపడే ప్రమాద స్థాయి తప్పక చూడాలి. అది 1 నుంచి 5 దాకా ఉంటుంది; 3 అన్నది మధ్యస్థంగా వినిపించినా అది నిజానికి గట్టి హెచ్చరిక. స్కీయింగ్ చేయాలంటే ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండాలని 2022 జనవరి నుంచి చట్టం ఉంది. టికెట్టుతో పాటే కొనవచ్చు.

వేసవిలో అమ్మానాన్నలు వస్తే వారిని బొల్జానో తీసుకెళ్లి, స్టేషను దగ్గరే ఉన్న కేబుల్ కారులో రెనోన్ పీఠభూమికి ఎక్కించండి. పైన 1907 నుంచి నడుస్తున్న చిన్న రైలు ఉంది. దాని చివరి స్టేషను కొల్లాల్బో నుంచి దాదాపు చదునైన బాటలో అరగంట నడిస్తే, తల మీద బండరాయి టోపీ పెట్టుకున్న పొడవాటి మట్టి స్తంభాలు కనిపిస్తాయి. వాన మట్టిని కోసేస్తుంటే పైనున్న రాయి కింది మట్టిని కాపాడగా అవి అలా నిలిచాయి. మోకాళ్ల నొప్పులున్నవారు కూడా ఆ బాటలో ఆగి ఆగి నడవగలరు.

బయల్దేరే ముందు ఏ దారిలో వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒకరికి రాసి పెట్టండి. ఆపద వస్తే 112కు ఫోన్ చేయాలి; దారి నంబరు, చివరిగా చూసిన పలక పేరు చెప్పగలిగితే వెతికేవారికి పని సులువవుతుంది. గాయమేమీ లేకుండా, అలసిపోయామనో దారి తప్పామనో హెలికాప్టరు రప్పిస్తే వందల యూరోల బిల్లు రావచ్చు, నిజమైన అపాయంలో మాత్రం ఆ ఖర్చు తలచుకుని ఆలస్యం చేయకండి. హెలికాప్టరు మీ పైకి వచ్చినప్పుడు రెండు చేతులూ పైకెత్తి నిలబడితే సాయం కావాలని అర్థం, ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే అక్కరలేదని అర్థం. సరదాకు చేతులు ఊపవద్దని వెంట వచ్చే స్నేహితులకు కూడా చెప్పండి.